తల ఊపని సేనాపతి

యవనదేశమున సముద్రంపైకి ఒరిగిన కొండకొమ్మున పెలోరిక దుర్గం ఆనాడు నలువైపులా శత్రుసేన నడుమ చిక్కి, గాలి పీల్చుటకైనా పగవాని అనుమతి అడుగవలసినట్లుండెను. ఆ సేన ఎంతటిదనుకున్నారు! వారి గుర్రాలు ఒక్క పూట నీళ్ళు తాగితే ఏరు ఇంకిపోయి, చేపలు ఒడ్డెక్కి నడిచి వెళ్ళినవి.

ఆ దుర్గానికి సేనాపతి థెరోమేదుడు. రాజు ఎరిస్తెనుడు పొమ్మన్నచోటికల్లా పోయి, కొండంత సింహాన్ని చెవి పట్టుకొని ఈడ్చుకొచ్చినవాడు. నిప్పులు కక్కే అడవిపందిని కడలిలో ముంచి, అది చల్లారేదాకా దానిమీదే కూర్చున్నవాడు. ఆ పరీక్షలన్నీ పెట్టించినది మంత్రి కాలిఫ్రోనుడు. పోయినవాడు తిరిగి రాకూడదని ఆయన కోరిక. పాపం, ఆ ఒక్క కోరికా తీరలేదు.

చివరకు మంత్రి దేవతనే అడ్డం పెట్టుకొనెను. "మహావీరుని రక్తమర్పిస్తే ముట్టడి తొలగునని దేవి పలికినది ప్రభూ!" అనగానే, ఆకలికి సగమైన రాజు కన్నీటితో తలవంచెను. థెరోమేదుడు తానే ముందుకు వచ్చి, మెడలో పూలదండతో, చేతులకు గొలుసులతో కొండశిఖరాన బలిపీఠమెక్కెను.

ఆ దేశంలో ఒక ఆచారముంది. బలి నెత్తిన నీళ్ళు చల్లితే అది తల ఊపాలి. ఊపితే ఒప్పుకున్నట్లు. ఊపకముందే కత్తి ఎత్తితే ఆ పాపం ఊరిని కాల్చేస్తుంది.

పూజారి నీళ్ళు చల్లెను. తల ఊపబోయిన థెరోమేదుడు అలవాటు కొద్దీ పడమటి ద్వారం వైపు చూచెను. గోడమీద ఒక్క ఈటెమొన మెరవలేదు. ఊపబోయిన తలను అట్లే నిలిపెను.

"ప్రభూ, పడమటి ద్వారమున కాపలా ఎవరు?"

"బలి చూచుటకు అందరినీ నేనే రప్పించితిని," అని మంత్రి అందుకొనెను. "ఇక దేవియే కాపలా. తల ఊపుము, సేనాపతీ."

"ఊపను. ముందు అక్కడికి మనుషులను పంపండి."

"చూచితిరా ప్రభూ! సింహాలను ఈడ్చిన మొనగాడికి చావనగానే సాకులు దొరికినవి!"

రాజు ఎటూ తేల్చలేకపోయెను. కడవలకు కడవలు కుమ్మరించిరి. నీళ్ళు వరదై వీధుల్లో బండ్లు కొట్టుకుపోయినవి. ఆ మెడ కదలలేదు.

"థూ, పిరికిపందా!" అని గుంపులోంచి ఒక ముసలమ్మ అరిచెను. "మా పిల్లలు తోలుచెప్పులు ఉడకేసుకు తింటున్నార్రా! ఒక్కసారి తల ఊపితే నీ సొమ్మేం పోయింది?"

ఏ పంది కోరా అతనికి అంత లోతుగా దిగలేదు. ఊపితే ఆమె మెచ్చును. కాని ఊపితే ఆమె మిగలదు.

అంతలో పడమట తలుపు కిర్రుమనెను.

"ప్రభూ, ఇన్నేళ్ళూ మీరు పొమ్మన్నచోటికి పోయితిని. నేడొక్కసారి చెప్పకుండా పోవుచున్నాను!" అని గొలుసులు దారాల్లా తెంపి, మెట్లు దిగితే ఆలస్యమని కొండమీంచే దూకెను.

పగవానికి అమ్ముడుపోయిన మంత్రి మనుషులు అడ్డగడియ దూలాన్ని లోయలోకి తోసేసి, తలుపు తీయుచుండిరి. అతని రూపు చూడగానే పారిపోయిరి. థెరోమేదుడు తలుపులు మూసి, దూలముండవలసిన ఇనుప కొంకుల్లో తన చేయి దూర్చి, వీపు ఆనించి నిలిచెను. అవతల లక్షమంది తోయుచుండిరి. సందులోంచి ఈటెలు దిగబడుచుండెను.

కుట్ర బయటపడి, కొండపై కాలిఫ్రోనుడు ఆడవాళ్ళ చేత చిక్కెను. ఏం చేశారో చెప్పను. గడ్డంలో వెంట్రుక మిగలలేదన్నది మాత్రం నిజం.

రాజు పరుగున వచ్చి, ఆ నెత్తురు చూచి, "వదిలిపెట్టు నాయనా, ఇవతలికి రా!" అని విలపించెను.

"వస్తే నేను బతుకుదును ప్రభూ. ఊరు బతకదు. దూలం తెప్పించండి."

కిరీటం పారవేసి, రాజు అతని పక్కనే తలుపుకు భుజమానించెను. కొత్త దూలం వచ్చి కొంకుల్లో పడువేళకు థెరోమేదుని ఊపిరి ఆగిపోయినది. దేహం మాత్రం అంగుళమైనా జరగలేదు.

తెరిచియున్న ఆ కళ్ళను మూయుటకు పూజారి చేయి చాచగా, రాజు ఆ చేయి పట్టుకొనెను.

"వద్దు. ఇంకా కాపలాలో ఉన్నాడు."