రెండు సెకన్ల గడువు

"నేను చెరిపేశానా? రాని అలారాన్ని ఎలా చెరపాలో కాస్త మీరే చూపించండి సార్!"

కంట్రోల్ రూమ్ ఆపరేటర్ గొంతుకి మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కూలింగ్ పంపు కాలిపోయిందమ్మా. అంతకుముందు మూడుసార్లు ప్రెషర్ పడిపోయినట్టు పంపు దగ్గరి మీటర్లో ఉంది. నీ రికార్డులో ఒక్కటీ లేదు. సాయంత్రంలోగా జవాబు రాసివ్వు. లేకపోతే సస్పెన్షనే."

"ఆరేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. చెయ్యని తప్పుకి ఏం రాయమంటారు?"

తలుపు దగ్గర స్క్రూడ్రైవర్‌తో నిలబడ్డ టెక్నీషియన్ ఈ మాటలన్నీ విన్నాడు.

ఆ గదికి అలారాలు పంపే కంట్రోలర్ పెట్టె అతని చేతి కిందిదే. అది మీటర్లూ స్విచ్‌ల నుంచి వచ్చే అరవై నాలుగు ఇన్‌పుట్‌లనూ వరసగా పలకరిస్తుంది. ఏదైనా మారి, ఆ మార్పు కాసేపు నిలబడితే, టైము వేసి ఆమె స్క్రీన్ మీదికి పంపుతుంది. నిలబడకపోతే ఉత్త అదురుపాటని వదిలేస్తుంది. ఎంతసేపు నిలబడాలో నిర్ణయించేది అతనే.

కిందటి వారం ఒక తలుపు స్విచ్ వదులై గంటకి వందసార్లు బజర్ మోగించింది. ఆమె నుదురు పట్టుకుని కూర్చోవడం అతను చూశాడు. స్విచ్ బిగించాలంటే లైను ఆపాలి. అందుకని మార్పు నిలబడాల్సిన గడువును ఇరవై మిల్లీసెకన్ల నుంచి రెండు సెకన్లకు పెంచేశాడు. బజర్ నోరు మూసింది. ఆమె ముఖం తేటపడింది. ఆ రోజంతా అతను ఈల వేసుకుంటూ తిరిగాడు.

కానీ ఆ గడువు కంట్రోలర్‌లో ఆ స్విచ్ వైరు కలిసే కార్డు మీదున్న పదహారు ఇన్‌పుట్‌లకూ వర్తిస్తుంది. పంపు ప్రెషర్ అందులో ఒకటి. అది మూడుసార్లూ పడిపోయింది ఒక్కో సెకనే. నాలుగోసారి అలారం వచ్చేసరికి పంపు కాలిపోయింది.

"సార్, ఆవిడ చెరపలేదు. రానివ్వకుండా చేసింది నేను."

అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మేనేజరు చదివి, "నీకు మెమో తప్పదు" అని గుమ్మం వైపు కదిలాడు.

"సార్! నన్ను దొంగలా నిలబెట్టిన మాట ఇంకా ఈ గదిలోనే ఉంది. అది కూడా పట్టుకెళ్ళండి."

మేనేజరు ఆగాడు. "పొరపాటైందమ్మా" అని నెమ్మదిగా అని వెళ్ళిపోయాడు.

ఆమె ఇటు తిరిగింది. "ఇక మీ సంగతి! నా తలనొప్పికి నన్నడక్కుండా వైద్యం చేస్తారా?"

"మీరు బాధపడుతున్నారని..."

"బాధ నాది, బజర్ నాది. మోగితే మోగనివ్వాలి!"

"తప్పే. కానీ అది మోగినప్పుడల్లా మీరు కళ్ళు గట్టిగా మూసుకుంటారు. చూడలేకపోయాను."

"ఎప్పుడు చూశారు?"

"రోజూ. ఇటుగా వెళ్తూ."

"నేను తలెత్తేసరికి ఎవరూ ఉండరే?"

"ఒక్క సెకనే ఆగేవాణ్ణి."

"రెండు సెకన్లు నిలబడందేదీ ఇక్కడ నమోదు కాదని సెట్ చేసిందీ మీరేగా!" కోపంలోనే ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని దాచుకోడానికి మళ్ళీ విసుక్కుంది. "పంపు కాలి లైను ఎలాగూ ఆగింది, ముందెళ్ళి ఆ స్విచ్ బిగించండి. ఆదివారం మా ఇంటికి రండి. ఇందాక నాన్నకి ఫోన్ చేసి ఏడ్చాను. ఆ కాగితం కాపీ ఆయనకి మీరే చూపించాలి."

"తిడతారేమో."

"రిటైరైన ఎలక్ట్రీషియన్. స్విచ్ వదిలేసి సెట్టింగ్ మారుస్తావా అని తప్పకుండా తిడతారు. తర్వాత భోజనం పెడతారు."

అతను గడువును తిరిగి ఇరవైకి దించాడు. బజర్ మళ్ళీ మొదలైంది. స్విచ్ బిగించడానికి బయల్దేరి, గుమ్మం దగ్గర ఆగాడు. ఒకటి. రెండు. మూడు.

ఆమె తలెత్తింది.