తప్పు మీది, కట్టేది నేనా?

“తప్పు చేసింది మీరు, డబ్బు కట్టేది నేనా? ఒక్క పైసా కట్టను!”

సంక్షేమ కార్యాలయం మూడో కౌంటర్ మీద నోటీసు వచ్చి పడింది. గుమాస్తా తలెత్తాడు. ఎదురుగా వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి. మెడలో టేపు, జుట్టులో దారప్పోగు, కళ్ళలో నిప్పులు.

“ముందు కూర్చోండి మేడమ్.”

“కూర్చుంటే కోపం తగ్గుతుంది. తగ్గడం నాకిష్టం లేదు.”

అతనికి నవ్వొచ్చింది. నోటీసు చదివాక ఆ నవ్వు మాయమైంది. పక్షవాతంతో మంచాన పడిన ఆమె నాన్నకు పద్నాలుగు నెలలు భత్యం ఎక్కువ వెళ్ళిందట. నలభై రెండు వేలు తిరిగి కట్టాలట.

“షాపు పెట్టి నాలుగు డబ్బులు కళ్ళజూడగానే, భత్యం తగ్గించమని నేనే లెటర్ ఇచ్చాను. మీరు పంపుతూనే ఉన్నారు. లెక్క చూసే పంపుతున్నారనుకున్నాం. అంతా మందులకే పోయింది. ఇప్పుడు మెషిన్ అమ్ముకోమంటారా?”

“మాఫీకి అప్లై చేయండి.”

“నేను అడుక్కోను!”

“అడుక్కోవడం కాదండీ. పొరపాటు ఆఫీసుదై, మీరేదీ దాచకుండా ఉండి, తిరిగి కడితే ఇల్లు గడవదనుకుంటే మాఫీ చేయొచ్చని రూలే ఉంది. తప్పు మాదని మా చేతే ఒప్పించడమన్నమాట.”

ఆమె చటుక్కున కూర్చుంది. “ఫారం ఇవ్వండి.”

మందుల బిల్లులతో ఒకసారి, అద్దె రసీదులతో ఇంకోసారి వచ్చింది. వచ్చినప్పుడల్లా పోట్లాడింది. రాని రోజు ఆఫీసు బోసిపోయినట్టుండేది అతనికి.

ఆమె ఇచ్చానన్న లెటర్ మాత్రం ఫైల్లో కనిపించలేదు. మూడు రోజులు రికార్డు గది దుమ్ములో వెతికాడు. దొరికాక, వానలో తడుస్తూ ఆమె షాపుకు పరుగెత్తాడు.

“దొరికింది! కానీ... అందినట్టు సంతకం నాది. వేరే కట్టలో పెట్టేసింది నేనే.”

కత్తెర ఆగింది. “అయితే ఇన్నాళ్ళూ తిట్టాల్సిన మనిషినే తిట్టానన్నమాట.”

“అవును.”

“రేపు మాఫీ విచారణలో ఇది చెబితే మీ ఇంక్రిమెంట్ పోదూ?”

“పోతుంది. అయినా చెబుతాను.”

ఆమె అతని మీదికి తువ్వాలు విసిరింది. “తల తుడుచుకోండి. జలుబు చేస్తే రేపు గొంతు పెగలదు.”

మర్నాడు విచారణలో అధికారి మండిపడ్డాడు. “మనవాడివై ఉండి ఇదేంటయ్యా?”

“మనవాణ్ణి కాబట్టే సార్, తప్పు మనదంటున్నా.”

బాకీ మాఫీ అయింది. అతని ఇంక్రిమెంట్ ఆగింది.

తర్వాతి ఆదివారం అతను వాళ్ళింటికి వెళ్ళి, మంచం పక్కన నిలబడ్డాడు. “కేసు నడుస్తుండగా అడగడం పద్ధతి కాదని ఆగానండీ. మీ అమ్మాయంటే నాకిష్టం.”

నాన్న మాటలు కూడదీసుకున్నాడు. “దీనితో వాదించి గెలవలేవు బాబూ.”

“గెలవాలని లేదు మామయ్యగారూ.”

“ఎవరండీ మామయ్యగారు? నేనింకా ఒప్పుకోలేదు!” అంది ఆమె.

“అయితే అప్పీలు చేసుకోమ్మా. నా ఆర్డర్ అయిపోయింది,” అన్నాడు నాన్న.

ఆమె ఎర్రబడ్డ ముఖంతో అతని వైపు తిరిగింది.

“అప్పీలేం లేదులెండి. కానీ ఒకటి. పోట్లాటలు మాత్రం మాఫీ చేయను.”