గులాబీల మీద కప్పిన వోణీ

ఆదివారం కొండమీది చర్చిలో మొదటి గంట మోగేసరికి దేవకుమారి పెరట్లో ఉంది. గులాబీ మొక్కల మీద రాత్రంతా కప్పి ఉంచిన పాత వోణీ తీసి, ఆకులు తిప్పి చూసింది. నాలుగు రోజులుగా ఆకుల మీద కనిపిస్తున్న తెలుపు ఇంకా పాకింది. లేత ఆకులు ముడుచుకుపోయాయి. మొగ్గలకు పిండి రాసినట్టుంది.

“ప్రభువా, ఇదేటి?”

వోణీ కూతురు ప్రేమలీలది. మొక్కలూ దానివే. భీమిలి బడిలో టీచరు ఉద్యోగం వచ్చి, అక్కడి హాస్టల్లో ఉండటానికి వెళ్తూ తల్లికి అప్పజెప్పింది. సముద్రపు గాలి తగిలి ఏమైపోతాయోనని దేవకుమారి రోజూ చీకటిపడే వేళ ఆకులు కడిగి, వోణీ కప్పి, బాగా ఎండెక్కాక తీసేది. భర్త యేసుదానం ఛాతీ జబ్బుతో పోయిన దగ్గర్నుంచి ఆమెకు గాలంటేనే భయం.

“ప్రేమా, అన్నం తిన్నావా?” అని ఆ మొక్కలనే అడిగేది. ఇంట్లో అడగడానికి ఇంకెవరున్నారు?

ఉప్పేమోనని తెల్లపొడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా లేదు. భయం ఇంకా పెరిగింది. మొక్కలే ఇలా అయితే, అక్కడ పిల్ల ఎలా ఉందో!

అంతలో గేటు చప్పుడైంది. ప్రేమలీల! ముఖం కందగడ్డలా ఉంది.

“వచ్చీసావా తల్లీ! సిక్కిపోనావు. దగ్గొస్తందేటి?”

“దగ్గు సంగతి తర్వాత. నాకు ఆయాసమని మా పెద్ద టీచరమ్మకి చెప్పింది నువ్వేనా? నాకు తెలీకుండా భీమిలి వచ్చీసి?”

దేవకుమారి తల వంచుకుంది. “మీ నాన్నకీ ముందు దగ్గే కదేటే. ఆ హాస్టలు సముద్రం పక్కనే ఉన్నాది. ఆవిడ నిన్నింటికి పంపీసిద్దనుకున్నాను.”

“పంపీసేలాగే ఉన్నారు! ఆయాసం మనిషి చిన్నపిల్లల మధ్య వద్దని నా బదులు ఇంకొకరిని చూస్తన్నారు. చిన్నప్పుడు రెండు దగ్గులు దగ్గితే బతుకంతా మఫ్లరేనా అమ్మా?”

“నీకేటైనా అయిపోతే నాకెవులున్నారే?”

ప్రేమలీల తల్లి చేతిలోని తడి వోణీని, ఆ వెనక మొక్కలను చూసింది. ఒక ఆకును వేలితో తుడిచింది.

“తుడిస్తే పోయి మళ్ళీ వస్తందా?”

“వస్తంది. రోజూ పొద్దుగూకే ఏళ కడుగుతున్నాను కూడానూ.”

“దుమ్ము కాదమ్మా, బూడిద తెగులు. హాస్టల్లో మొక్కలకీ వచ్చింది. రాత్రికి ముందు తడిపి, గాలాడకుండా మూసీస్తే రాదేటి?”

“అయితే నానే సంపీసానా?” అంది దేవకుమారి.

“చావలేదులే. కత్తెర తే.”

రెండో గంట మోగింది. ఇద్దరూ చర్చికి కదల్లేదు. తెగులు పట్టిన ఆకులన్నీ కోసి పొయ్యిలో వేశారు. గాలి దూరేలా మధ్య కొమ్మలు కత్తిరించారు. తన చేతిలో దిగిన ముల్లును కూతురు తీస్తుంటే దేవకుమారి ఏడ్చింది. ముల్లు వచ్చేసింది కానీ ఏడుపు ఆగలేదు. ప్రేమలీల ఆ చేతిని వదల్లేదు.

మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ నుంచి గంధకం పొడి తెచ్చారు. మర్నాడు ఎండ రాకముందే పల్చటి గుడ్డలో మూటకట్టి, ఆకుల మీద మంచు తడి ఉండగానే దులిపారు. లోపలికెళ్ళి దేవకుమారి చర్చికి కట్టే చీర కట్టుకొచ్చింది.

“నువ్వెక్కడికి?”

“నానాడిన అబద్దం నానే సెప్పుకోవద్దేటి? పద, బస్సెలిపోద్ది.”

పెద్ద టీచరమ్మ అంతా విని, మందలించి, చివరికి నవ్వింది. ప్రేమలీల బడిలోనే ఉండిపోయింది.

సాయంత్రం దేవకుమారి ఒక్కతే ఇల్లు చేరింది. సముద్రం మీంచి చల్లగాలి మొదలైంది. అలవాటు కొద్దీ దండెం మీది వోణీ తీసుకుని మొక్కల దాకా వెళ్ళింది. కత్తిరించిన కొమ్మలు సన్నగా ఊగుతున్నాయి. చేతులు ముందుకు సాగి, ఆగిపోయాయి.

వోణీ తన భుజాల చుట్టూ కప్పుకుని, మెట్టు మీద కూర్చుంది.

“అన్నం తిన్నావా, ప్రేమా?”

గాలి మొక్కల్లోంచి అటు నుంచి ఇటు వచ్చి, ఆమె ముఖానికి తగిలింది.