హార్లా దిబ్బ మీద మౌనం

టోర్క్విల్ అనేవాడు దీవుల నుంచొచ్చి, పడవ దిగి మా ఊళ్లో అడుగుపెట్టి పూట గడవలేదు, వాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఆరడుగుల మనిషి. పైగా ఇష్‌బెల్ ఏం చెప్పినా నవ్వుతాడు.

ఇష్‌బెల్ మా పక్కింటి పిల్ల. ఎనిమిదేళ్లుగా ఆమంటే నాకు ప్రాణం, ఆ ముక్క ఒక్కనాడూ చెప్పలేదు.

ఏటా జులైలో, మా ఊరి దిబ్బ మీద దీవులవాళ్లతో జరిగిన హార్లా యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకుంటాం. ఆరువందల ఏళ్లయినా గెలిచింది మేమేనని మేమంటాం, తామేనని దీవులవాళ్లంటారు. అందుకని అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు ఒకే పుష్పగుచ్ఛం పట్టుకెళ్లి స్తూపం దగ్గర పెట్టాలి. ఈసారి మావైపు ఇష్‌బెల్, అటువైపు ఆ టోర్క్విల్. బ్యాగ్‌పైప్ ఊదేది నేను.

"మొహం అలా పెట్టావేం, స్ట్రూవన్?" అంది ఇష్‌బెల్.

"వానకి."

"ఇంకా పడనేలేదే?"

"పడుతుంది. నీ దీవుల దొర గొడుగు పడతాడులే."

"పడితే పట్టనీ. నువ్వెప్పుడైనా పట్టావా?" అని వెళ్లిపోయింది.

వాన పట్టుకుంది. నేను విషాదరాగం ఎత్తుకున్నాను, వాళ్లిద్దరూ నడుస్తున్నారు. గుచ్ఛం కింద వాడి చెయ్యి ఆమె చేతికి ఆనింది. వంగి చెవిలో ఏదో అన్నాడు. ఆమె నవ్వి ఏదో చెప్పింది. ఇంక నా వల్ల కాలేదు, టక్కున ఆపేశాను.

పైప్ ఆగితే మౌనం మొదలు. మళ్లీ మోగేదాకా ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. వాడి నోరు మూయించాననుకున్నాను. తీరా చూస్తే గుచ్ఛం ఇంకా కింద పెట్టనేలేదు. చేతులు అలాగే ఆనించుకుని నిలబడిపోయారు. ఊదితే వాడు మాట్లాడతాడు, ఊదకపోతే చెయ్యి తియ్యడు.

చివరికి ఇష్‌బెల్ గుచ్ఛం వాడికి వదిలేసి, రెండువందల మంది చూస్తుండగా నా దగ్గరికొచ్చింది.

"ఊదుతావా, లేదా?"

"ఊదితే వాడు నీతో మాట్లాడతాడు."

"మాట్లాడితే నీకేం?"

"కుళ్లు. నువ్వంటే ఇష్టం కాబట్టి కుళ్లు."

గుసగుసగానే అన్నాను. ఆ నిశ్శబ్దంలో ఆఖరి వరసదాకా వినబడింది.

ఇష్‌బెల్ చెవులు ఎర్రబడ్డాయి. "అతనేమన్నాడో తెలుసా? 'ఆ పైప్ అబ్బాయి నన్ను మింగేసేలా చూస్తున్నాడు, నీవాడేనా' అన్నాడు. 'ఇంకా నోరు విప్పలేదు' అన్నాను."

"విప్పాడుగా అమ్మాయ్," అన్నాడు సంస్మరణ కమిటీ పెద్దాయన, టోపీలోంచి నీళ్లు ఒంపేస్తూ. "ఇక పోయినవాళ్ల సంగతి చూద్దామా?"

ఆమె నవ్వుకుంటూ వెళ్లి గుచ్ఛం రెండో పక్క పట్టుకుంది. నేను మళ్లీ ఊదాను. టోర్క్విల్ చెయ్యి మళ్లీ ఆనింది. నిజం చెప్పొద్దూ, అప్పుడూ కాస్త మండింది.