ఐదో గది దిష్టిచుక్క

పదిహేడు ఐదులు ఎనభై అయిదు అనేసరికి గోడ మళ్ళీ లేత నీలంగా మారిపోయింది.

“మీకు ఇబ్బంది కలిగించిన దాన్ని తొలగించాం,” అంది గది. పెళ్ళివారింట పన్నీరు చల్లే మనిషికి ఉండే గొంతు దానిది.

జశ్విత మంచం మీది దిండు తీసి గోడకేసి కొట్టింది. తగిలిన చోట గోడ దూదిలా మెత్తబడి, దిండును మర్యాదగా కిందికి దించింది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కోపంతో విసిరిన వస్తువు కనీసం చప్పుడైనా చెయ్యకపోతే మనిషి ఏమైపోవాలి?

పొద్దున్నించీ ఇది ఆరోసారి. గోడ అసలు రూపం చూపించమంటే గది చూపిస్తుంది. కాదనదు. చూసిన నాలుగు శ్వాసల్లో ఆవిడ గుండె జోరందుకుంటుంది, కంట్లో నీరు ఊరుతుంది. అది ఇబ్బంది అని గది లెక్క వేసుకుని వెంటనే కప్పేస్తుంది. మొదట్లో జశ్విత మంచిగా చెప్పి చూసింది. తరవాత తిట్టి చూసింది. కళ్ళు మూసుకుని చేత్తో తడిమితే గోడ పట్టుబట్టలా నున్నగా తగిలింది. చివరికి మనసు కుదురుగా ఉంచుకోవడానికి చిన్నప్పుడు నేర్చిన ఎక్కాలు అందుకుంది. ధవళేశ్వరం లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేసి, వరద గోదావరిని తలుపులేసి ఆపిన మనిషి, అరవై మూడేళ్ళ వయసులో ఒక గోడ ముందు నిలబడి పదిహేడో ఎక్కం చదువుతోంది.

ఊళ్ళో ఇప్పుడు ఒదుగుపూత లేని గోడ లేదు. ఉల్లిపొర కంటే పలచన. మనిషి చూపునీ నాడినీ చదువుకుని, అతనికి నచ్చిన రంగులోకి, నచ్చిన స్పర్శలోకి ఒదిగిపోతుంది. ఇళ్ళూ, బస్సులూ, ఆఖరికి రేషను షాపులూ అంతే. నచ్చనిది కంటపడితే చాలు, అది కంటపడకుండా పోతుంది. కప్పడానికి వీలుకానిదైతే పైనించి ఒదుగుతెర దిగి అడ్డుకుంటుంది. ఇందాక కింద సందులో ఇద్దరు ఆడవాళ్ళు కుళాయి దగ్గర జుట్లు పట్టుకోబోతుంటే జశ్విత కాస్త కుతూహలంగానే కిటికీలోంచి తొంగి చూసింది. వాళ్ళ మాటకి కనుబొమ ముడిపడిందో లేదో, తెర దిగిపోయి సముద్రం చూపించింది. ఆ దెబ్బలాట ఎలా తేలిందో ఆవిడకి తెలియనే లేదు.

ఈ హోటలు పేరు ఆరుగదులు. విశాఖ వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు వెనక, కళాకారుల పేటగా పేరుపడిన వీధుల్లో ఉంది. మెట్లమీద కూర్చుని కవిత్వం చదివేవాళ్ళూ, చేపల వలలతో బొమ్మలు చేసేవాళ్ళూ, కాఫీ కప్పు ముందు పెట్టుకుని సగం రోజు వాదించుకునేవాళ్ళూ ఉండే పేట. ఎనిమిదేళ్ళ కిందట ఆరుగురు కళాకారుల్ని పిలిచి ఆరు గదులు చేయించారు. ఒక్కో గదీ ఒక్కో మనిషి మనసు. తరవాత అతిథులు ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చలేదంటూ నసపెడుతుంటే, యజమానులు అన్ని గదులకీ పూత వేయించారు. అప్పట్నించీ వచ్చినవాళ్ళంతా ‘గది అచ్చం మేం కోరుకున్నట్టే ఉంది’ అని రాసి పోతున్నారు. ఉండదూ మరి.

ఐదో గది గచ్చుగోడ జశ్విత భర్త ప్రణీత్ చేసింది. సున్నం నానబెట్టి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పోసి, గులకరాయితో మెరుగుపెట్టి, మూడు నెలలు ఇక్కడే ఉండిపోయాడు. లాకుల మరమ్మతు సమయంలో ఇల్లు తన నెత్తిన పడేసి పోయాడని ఆవిడకి కోపం. పూర్తయ్యాక వచ్చి చూడమని ఎన్నిసార్లు పిలిచాడో. “గోడే కదా, ఎక్కడికీ పోదులే,” అంది ఆవిడ. అతను పోయాడు. ఏడాది అయింది.

వాళ్ళింటి గోడలూ అతను చేసినవే. అతను పోయిన వారంలోనే పూత కంపెనీవాళ్ళు వచ్చి, కొత్తరకం చెరగనిపూత ఉంది, దుఃఖం తెలియకుండా చూసుకుంటుందని చెప్పారు. ఆ మతిలేని వారంలో జశ్విత వేలిముద్ర వేసింది. చెరగనిపూత గోడలోకి ఇంకిపోయి, ఎగుడుదిగుళ్ళన్నీ నింపేసి, దానితో ఒకటైపోతుంది. అది వేశాక కింద ఏముండేదో ఇక ఎవరూ తవ్వి తీయలేరు. రేపు పదింటికి ఆరుగదులులోనూ అదే పూత వేస్తున్నారు. కబురు తెలిసిన రోజే ఆవిడ రైలెక్కింది.

ఆవిడకి కావలసింది గోడంతా కూడా కాదు. ఎంత బాగా కుదిరినా, ప్రణీత్ ప్రతి గోడకీ చివర్లో మసి ముంచి బొటనవేలితో ఒక దిష్టిచుక్క పెట్టేవాడు. చంటిబిడ్డకి పెట్టినట్టే. ఇంకెక్కడా మిగలని ఆ వేలిముద్ర ఈ గోడ మీద ఎక్కడో ఉంది. ఒక్కసారి దాని మీద తన వేలు పెట్టాలి. అంతే.

జశ్విత కిందికి దిగి మేనేజరు దగ్గరకి వెళ్ళింది. అతని పేరు అప్పలస్వామి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, చెవికి వెండి రింగు. జశ్వితలూ ప్రణీత్‌లూ ముసలివాళ్ళయ్యాక పిల్లలకి మళ్ళీ ముత్తాతల పేర్లు పెట్టడం ఫ్యాషనైంది.

“బాబూ, ఒక్క గంట ఆ పూత ఆపు.”

“అతిథి గదిలో ఉండగా పూత ఆగదండి. అలా ఆపే ఏర్పాటు లేదండి.”

“నాకు ఇబ్బంది కావాలి. నేనే కోరుకుంటున్నాను. రాసిస్తాను.”

అప్పలస్వామి చాలా సేపు ఆలోచించాడు. పాపం, చెడ్డవాడు కాదు. “మీకు ఇబ్బందిగా ఉందని అంటున్నారు కదండీ. అందుకేనండి అది తొలగిస్తున్నది,” అన్నాడు.

“నీకు అర్థమవుతోందా నేనేం చెబుతున్నానో?”

“అర్థమవుతోందండి. చల్లటి సబ్జా నీళ్ళు పంపిస్తానండి.”

గోడకి చెప్పుకున్నా ఒకటే, ఇతనికి చెప్పుకున్నా ఒకటే. జశ్విత మెట్లెక్కి పైకొచ్చింది. గది తలుపు తీసి ఉంది. యాభై దాటిన ఒకావిడ తడిగుడ్డతో నేల తుడుస్తోంది. పేరు నూకరత్నం, పొద్దున దుప్పటి మార్చడానికి వచ్చినప్పుడు చెప్పింది. జశ్విత అడుగుపెట్టగానే గోడ నీలంగా తిరిగింది.

“ఆ గోడ గురించేనా అమ్మా పొద్దున్నించీ అరుస్తున్నారు?” అంది నూకరత్నం. “బాగుంటాది గోడ. శంఖం లోపలున్నట్టు ఉంటాది.”

జశ్విత ఆవిడ వైపు తిరిగింది. “నీకెలా తెలుసు?”

“తెలీకేటి? ఎనిమిదేళ్ళ నుంచి తుడుస్తున్నాను.”

“నీకు కనబడుతుందా?”

“నాను పట్టీ ఎట్టుకుంటాను కదమ్మా.” నూకరత్నం ముంజేతి మీది బూడిదరంగు పట్టీ చూపించింది. “ఇది ఉంటే గది నన్ను చూడదు. చూస్తే నాకేది ఇష్టమో అదే ఎడతాది, మరకలెలాగ కనబడతాయి? అతిథి లేనప్పుడు పూత పక్కకి తప్పుకుంటాది, గోడ గోడలాగే ఉంటాది.”

పొద్దున్నించీ తను కొట్టుకు చస్తుంటే ఈ మాట ఒక్కరు చెప్పలేదు. అప్పలస్వామికి తోచనే లేదు. పనివాళ్ళకి ఏం కనబడుతుందో ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

“ఇంకో పట్టీ ఉందా?”

నూకరత్నం తోపుడుబండి అరలోంచి తీసింది. “మీలాంటోళ్ళు కట్టకూడదమ్మా. మర్యాద కాదు.”

“మర్యాదతోనే చస్తున్నాను, ఇటివ్వు.”

పట్టీ బిగించగానే నీలం జారిపోయింది. గోడ కనబడింది.

మజ్జిగ రంగు. నడుమ సన్నగా నీలిమందు గీత, నీటి అంచులా. ఎడమ పక్క ఆ గీత కొంచెం వంగింది. సరళరేఖ గీయడం ప్రణీత్‌కి ఎన్నడూ చాతకాలేదు. పెళ్ళయిన కొత్తలో వంటింటి అరలు వంకరగా కొట్టి, గోడే వంకరగా ఉందని నెలరోజులు బుకాయించాడు. జశ్వితకి గుండె దడదడా కొట్టుకుంది, కళ్ళు నిండాయి. ఇప్పుడు కప్పేస్తుంది, ఇప్పుడు కప్పేస్తుంది అని ఎదురుచూసింది. గోడ కదలలేదు. గది లెక్కలో ఆవిడ అక్కడ లేదు.

“ఏటైందమ్మా?” అంది నూకరత్నం, గుడ్డ కింద పెట్టి.

ఏడాదిగా ఆవిడని ఎవరూ ఆ మాట అడగలేదు. కళ్ళు చెమర్చేలోపే ఇంట్లో గోడలు సర్దేసేవి, బస్సులో సీటు సర్దేసేది. పక్కమనిషికి పని మిగిలేది కాదు. జశ్విత నేల మీద కూలబడి, ముక్కు చీదుకుంటూ, అంతా చెప్పింది. గోడ చేసింది ఎవరో, చుక్క ఎందుకో, రేపు పదింటికి ఏమవుతుందో.

“చుక్కా?” అంది నూకరత్నం. మొహం వెలిగింది. “ఇదిగో, తలుపు పక్క. మోకాలెత్తులో.”

చుక్క నల్లగా నిగనిగలాడుతోంది. ఎనిమిదేళ్ళ నాటిదంటే ఎవరూ నమ్మరు. జశ్విత వేలు ఆనించింది. మసి వేలికి అంటుకుంది. తాజా మసి.

“పెతి అమాసకీ నానే ఎడతానమ్మా,” అంది నూకరత్నం గర్వంగా. “తుడిసీకొద్దీ పోతాది కదా. అంత బాగా సేసినాయన ఊరికే ఎట్టుంటాడేటి? సెరిగిపోతే గోడకి దిష్టి తగలదూ? దీపం మసి పట్టి, ఆముదంలో కలిపి ఎడతాను. ఒక్క అమాసా తప్పలేదు.”

“ఎవరు పెట్టమన్నారు నిన్ను?”

నూకరత్నం మొహంలో వెలుగు పోయింది.

“ఎవరు పెట్టమన్నారంటున్నాను. అది ఆయన వేలిముద్ర. దానికోసం నేను రైలెక్కి వచ్చాను. నువ్వు దాని మీద తొంభైసార్లు నీ వేలు రుద్దావు.” జశ్విత మసి అంటిన వేలు ఆవిడ ముందుకి చాపింది. “ఆ దిక్కుమాలిన పూత కూడా దాన్ని ముట్టుకోలేదు. పైపైన కప్పి ఊరుకుంది. నువ్వు చెరిపేశావు.”

“నాకు తెల్దమ్మా,” అంది నూకరత్నం నెమ్మదిగా. “గోడ మంచికే అనుకున్నాను.”

జశ్విత తడిగుడ్డ లాక్కుని తుడిచింది. మసి వదిలింది. గీతలేమీ లేవు. ఎనిమిదేళ్ళ ఆముదానికి గచ్చు అద్దంలా నునుపుదేలి ఉంది. కానీ అక్కడ గోడ చదునుగా లేదు. చిన్న గుంత. సున్నం పచ్చిగా ఉండగానే అతను నొక్కిన గుంత. జశ్విత బొటనవేలు అందులో పెట్టింది. వదులుగా ఉంది. తాపీ పట్టి పట్టి వెడల్పైన వేలు అతనిది. ఇరుపక్కలా చోటు మిగిలిపోయింది.

ఆవిడ వేలు తియ్యకుండానే ఏడ్చింది. ఏడాది నించి మొదట్లోనే ఆగిపోతూ వచ్చిన ఏడుపు అది. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు.

సబ్జా నీళ్ళ గ్లాసుతో అప్పలస్వామి గుమ్మంలోకి వచ్చాడు. మేనేజర్లకి పట్టీ ఉండదు. గది అతన్ని చూసింది. గోడంతా వెంటనే మామిడిపిందె రంగుకి తిరిగింది, అతనికి ఇష్టమైన రంగు కాబోలు. పలచటి పూత కింద గుంత మాత్రం అలాగే ఉంది. జశ్విత వేలు దాన్ని వదల్లేదు.

అప్పలస్వామి కొయ్యబారిపోయాడు. నాలుగు గోడల మధ్య పెద్దమనిషి వెక్కివెక్కి ఏడవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అతని నాడి ఎగిరింది. గది లెక్క వేసుకుంది. పైనించి ఒదుగుతెర మెత్తగా దిగి, అతనికీ ఆ ఇద్దరాడవాళ్ళకీ మధ్య నిలబడి, పూలతోట చూపించింది. వీణ మొదలైంది.

“మీకు ఇబ్బంది కలిగించిన దాన్ని తొలగించాం,” అంది గది అతనితో.

తెర అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. వెళ్ళిపోయాడనే అనుకుంది జశ్విత. తరవాత తెర అంచున నాలుగు వేళ్ళు కనబడ్డాయి. ఒదుగుతెరని చేత్తో పట్టి లాగేవాళ్ళు ఎవరూ ఉండరు. అది మొరాయించింది. అతను రెండు చేతులతో పక్కకి ఈడ్చాడు.

“ఏటైందమ్మా?” అన్నాడు. అండీలన్నీ ఎక్కడికో పోయాయి.

“పట్టీ కట్టుకుని చూడు, నీకే తెలుస్తాది,” అని నూకరత్నం తన పట్టీ విప్పి అతని చేతికి చుట్టింది. ఆవిడ చెయ్యి ఖాళీ అవడంతో గది మొదటిసారి ఆవిడని చూసింది. ఆవిడకి ఏది ఇష్టమో వెతికింది. గోడ మామిడిపిందె రంగు వదిలి, మజ్జిగ రంగుకి వచ్చింది. నీలిమందు గీత వచ్చింది, ఎడమపక్క వంకరతో సహా.

నాలుగేళ్ళుగా ఈ హోటలు నడుపుతున్న అప్పలస్వామి ఆ గోడని ఇప్పుడే చూశాడు. “ఇది ఇక్కడే ఉందా?” అన్నాడు. చేతి పట్టీ తడుముకుంటూ, “రేపటి పూత నా చేతిలో లేదమ్మా,” అన్నాడు. అతన్ని అడగాలని కూడా జశ్వితకి అనిపించలేదు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నూకరత్నం మీద కోపం పూర్తిగా పోలేదు. పోతుందని కూడా అనిపించలేదు.

“మసి ఉందా?” అంది.

నూకరత్నం బండిలోంచి చిన్న రేకుడబ్బా తెచ్చి మూత తీసి ఆవిడ ముందు పట్టింది. “మీరు ఎట్టండమ్మా.”

“నువ్వే పెట్టు. నా వేలు చాలదు.”

నూకరత్నం చెయ్యి కొంగుకి తుడుచుకుంది. నేల తుడిచి తుడిచి వెడల్పైన బొటనవేలు మసిలో ముంచి గుంతలో పెట్టింది. అది సరిగ్గా పట్టింది.

జశ్విత దాన్నే చూస్తూ కూర్చుంది. రేపు పదింటికి ఇంకా పద్దెనిమిది గంటలుంది.