నాలుగు గంటల బటన్

"నాలుగింటికి మనవాళ్ళు పదకొండుమంది దొరికిపోతారు. పట్టించేది మీ వదిన."

చీఫ్ ఎంతటి కబురైనా వాతావరణ సూచన చదివినట్టే చెబుతాడు. ఏజెంట్ గడియారం చూశాడు. మూడూ పది.

శత్రుదేశంలో ఉన్న ఆ పదకొండుమంది బ్రౌజర్ టూల్‌బార్ మీద ఒక చిన్న ఆకుపచ్చ బటన్ ఉంటుంది. పాత గడియారాల విడిభాగాలు అమ్మే వెబ్‌సైట్‌ది. ఆ సైటూ, బటనూ ఏజెంట్ అన్నయ్య బుర్రలో పుట్టినవే; మూడేళ్ళుగా వాటిని చూసుకునేది వదిన. "అడ్రస్ గుర్తుపెట్టుకుని మరీ మన సైట్‌కి ఎవడొస్తాడ్రా? బటన్ ఇచ్చామనుకో, మన కొట్టే వాడి కళ్ళముందు కూర్చుంటుంది. కొత్త సరుకొస్తే అదే చెబుతుంది" అనేవాడు. మామూలు కస్టమర్లకి నీలం, గూఢచారులకి ఆకుపచ్చ. రోజూ నాలుగింటికి నొక్కితే ఆదేశాలు వస్తాయి.

"మీ వదిన పాస్‌వర్డ్ వాళ్ళకిచ్చేసింది," అన్నాడు చీఫ్. "ఇవాళ నొక్కినవాడి అడ్రస్ నేరుగా శత్రువుకి పోతుంది. బటన్‌ని మనం తీసెయ్యలేం, పెట్టుకున్నవాడే తియ్యాలి."

"నల్లరంగు వస్తే నొక్కకూడదుగా సార్?"

"రంగు మార్చే కీ ఆవిడ దగ్గరే ఉంది. వెళ్ళు."

మూడూ యాభైకి, గడియారాల మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో సైట్ ఆఫీసు మెట్లెక్కాడు. లోపల వదిన ఒక్కతే ఉంది. ఖరీదైన నల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్. ఈ తళుకంతా ఆర్నెల్లుగా వచ్చిందే.

"పెద్ద ముల్లు దొరుకుతుందా?" కోడ్ వాక్యం అది.

"చిన్న ముల్లు లేకుండా అమ్మం. మీసం ఊడొస్తోంది మరిదిగారూ."

అతను మీసం పీకేశాడు. "ఎందుకిలా చేశావు వదినా?"

"ఆయన్ని వదిలేస్తామన్నారు. ఫొటో చూపించారు. మీ ఆఫీసులో మూడేళ్ళుగా 'ఆచూకీ లేదు' అన్నమాట తప్ప ఇంకోటి లేదు. నేనెవర్ని నమ్మాలి?"

ఫీల్డులో పోయినవాడి సంగతి అయిదేళ్ళదాకా ఇంట్లో చెప్పకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. ఆ కాగితం మీద ఏజెంటూ సంతకం పెట్టాడు. ప్రతి ఆదివారం ఆమె ఇంట్లో భోంచేస్తూ "వస్తాడులే వదినా" అన్నాడు. శత్రువులు దూరింది ఆ సందులోంచే.

జేబులోంచి పగిలిన చేతిగడియారం తీసి బల్ల మీద పెట్టాడు. పట్టీకి ఆమె వేసిన నీలిదారం కుట్లు అలాగే ఉన్నాయి.

"అన్నయ్య లేడు వదినా. నా చేతుల్లోనే పోయాడు. నేనే పూడ్చిపెట్టాను. ఆ ఫొటో అబద్ధం."

ఆమె కుట్లను వేలితో తడిమింది. మూడూ యాభై ఎనిమిది.

"అన్నం వడ్డిస్తున్నప్పుడైనా చెప్పలేదే" అంది.

ఆమె కీబోర్డ్ దగ్గరకి జరిగింది. చేతులు వణికి కీ మొదటిసారి తప్పు కొట్టింది. యాభై తొమ్మిది. రెండోసారీ తప్పే. అతను ఆమె మణికట్టు పట్టుకుని నిలిపాడు. మూడోసారికి తెర మీద ఆకుపచ్చ చుక్క నల్లబడింది. గోడ గడియారం నాలుగు కొట్టింది.

క్లిక్కులు: సున్నా. అయిదు నిమిషాలు గడిచినా సున్నాయే. పదకొండుమందీ బతికారు.

ఆమె అప్పుడు ఏడ్చింది, మూడేళ్ళ ఏడుపంతా ఒక్కసారే. అతనూ ఏడ్చాడు. మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఆమెను తీసుకెళ్ళడానికి వస్తున్నారు.

ఆమె గడియారాన్ని గుప్పిట్లో పెట్టుకుని లేచింది.

"సైట్ పెట్టిన రోజు ఒక్కడూ రాలేదని మీ అన్నయ్య అన్నం మానేశాడు. ఇవాళ్టి సున్నా చూసుంటే ఊరందరికీ భోజనాలు పెట్టేవాడు."