ఎడమ రెక్క

ఉదయం ఏడింటికి, గూఢచారి ఆఫీసు తరఫున శత్రువుల ఫోన్లు చాటుగా వినే గుమాస్తాను ఎవరో కాల్చి చంపారు. అతని గుప్పిట్లో, ఫోన్లో విన్న మాటలు రాసుకున్న చిన్న చీటీ దొరికింది: "సరుకు రెక్కలో పెట్టాం. పదకొండింటికి పేలుతుంది."

పదకొండింటికే సంధి పత్రాల మీద సంతకాలు. రెండు దేశాల పెద్దలూ ఒకే హాల్లో ఉంటారు.

"విమానాల రెక్కలు విప్పించాం. ఫ్యాన్ల రెక్కలు ఊడదీయించాం. బల్ల మీది గులాబీల రెక్కలు కూడా రాల్చి చూశాం. తలుపు రెక్కల మీద లోహం పసిగట్టే మెషీన్ పెడితే ఇత్తడి రేకులకి ఊరికే కూస్తోంది," అన్నాడు చీఫ్.

"రెక్కలంటే చేతులు కూడా కదండీ," అంది దుబాసీ, ముత్యాల గొలుసు సవరించుకుంటూ. అవతలి దేశం రహస్యాలు మోసుకొచ్చే మనిషి. ఆఫీసులో ఆమె మాటకు తిరుగు లేదు. "రెక్కల కష్టం చేసేవాళ్లని అడగండి. ఆ వడ్రంగిని ఇంకా గట్టిగా అడగలేదు మీరు."

చీఫ్ పక్కన నిలబడ్డ ఏజెంటు చప్పున తలెత్తింది. ఆ వడ్రంగి ఈ ఏజెంటుకు అన్న. హాలు తలుపులు బిగించిన పాపానికి ఇంట్లోంచి రెక్క పట్టి ఈడ్చుకొచ్చారు.

"మీ అన్న బయటపడాలంటే సరుకు వెతుకు," అన్నాడు చీఫ్.

పది నలభైకి ఆమె ఊడ్చే మనిషి వేషంలో చీపురు పట్టుకుని హాల్లో అడుగుపెట్టింది. బల్లల కింద, తెరల వెనక వెతికింది. ఏమీ లేదు. చివరికి గుమ్మం దగ్గర చతికిలబడింది.

అన్న స్క్రూ బిగిస్తే దాని గాడి నిలువుగా నిలబడాల్సిందే. అడ్డంగా ఉంటే దుమ్ము పడుతుందంటాడు. తలుపు కుడి రెక్క అడుగున ఇత్తడి రేకుకు అన్నీ నిలువుగానే ఉన్నాయి. ఎడమ రెక్కకు ఒక్కటీ తిన్నగా లేదు.

"తమ్ముడూ, ఆ చాకు ఇలా ఇవ్వు," అంది కాపలావాడితో.

"ఊడ్చేదానికి చాకెందుకమ్మా? లోపల పెద్దవాళ్లు కూర్చున్నారు."

"అందుకే తొందరగా ఇవ్వు."

ఎనిమిది స్క్రూలు. రేకు ఊడింది. వెనక చెక్కను తొలిచి పెట్టిన గడియారం, బ్యాటరీ, మైనంలాంటి పేలుడు ముద్ద. ఇంకా నలభై సెకన్లు. ఆమె తీగ కోసింది. గడియారం ఆగిపోయింది.

తలుపు రెక్కల మాట రాగానే అందరినీ చేతుల వైపు మళ్లించింది దుబాసీయే. తలనొప్పంటూ గేటు దాటబోయిన ఆమెను అక్కడే పట్టుకున్నారు.

ఏజెంటు అన్నను బంధించిన కింది గదికి పరుగెత్తింది. గదిలో అన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. రెండు చేతులూ భుజాల నుంచి ఊరికే వేలాడుతున్నాయి.

"పొరపాటు జరిగింది," అన్నాడు వెనకే వచ్చిన చీఫ్, నేలకేసి చూస్తూ. "మరి ఆ తలుపు రేకు... మళ్లీ బిగించాలి."

"బిగిస్తాను సార్," అన్నాడు అన్న. "స్క్రూలు తిప్పడానికి మాత్రం ఎవరివైనా రెక్కలు అరువిప్పించండి."